స్టూడెంట్స్ ఒత్తిడి సంగతి కౌన్సెలర్‌కి వదిలేస్తే సరిపోతుందా? నా క్లాసులో చూసింది చెప్తా

మీరు అడిగింది ఇదీ: యూనివర్సిటీలో పాఠం చెప్పే తీరు మార్చితే పిల్లల చదువూ మనసూ రెండూ బాగుపడతాయా, లేక మనసు సంగతి కౌన్సెలింగ్ వాళ్ళు చూసుకోవాల్సిందేనా అని. నేను పన్నెండేళ్ళుగా ఇంజినీరింగ్ వాళ్ళకి సర్క్యూట్స్ చెప్తున్నా, అందులో మొదటి నాలుగైదేళ్ళు చాలా చెత్తగా చెప్పాను, అందుకే రాయాలనిపించింది. కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

నా పాత పద్ధతి ఏంటంటే, బోర్డు నిండా డెరివేషన్లు, మధ్యలో ఒక పరీక్ష, చివర్లో మార్కుల్లో ముప్పావు భాగం ఉండే పెద్ద పరీక్ష. "డౌట్స్ ఉన్నాయా?" అని అడగడం, ఎవరూ నోరెత్తకపోతే అందరికీ అర్థమైపోయిందని సంతోషపడి తర్వాతి చాప్టర్‌కి వెళ్ళిపోవడం. ఒక సెమిస్టర్లో ఒకబ్బాయి, ముందు వరసలో కూర్చునేవాడు, నోట్స్ ముత్యాల్లా రాసేవాడు, ఫైనల్‌లో దాదాపు తెల్ల పేపర్ ఇచ్చాడు. తర్వాత రెండు వారాలు ఎవరికీ కనపడలేదు. రూంలోంచి బయటికి రావట్లేదని ఫ్రెండ్స్ చెప్తే పిలిపించి మాట్లాడా. తిడతాననుకుని వచ్చాడు పాపం. వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "సార్, నాకు రాదని నాకు పరీక్షలోనే తెలిసింది."

వాడు కష్టపడలేదని కాదు, కష్టపడ్డాడు. కానీ తను ఎక్కడున్నాడో తెలుసుకునే అవకాశం నేను పదిహేను వారాల్లో ఒక్కసారే ఇచ్చా, ఆ సెమిస్టర్ మధ్యలో పెట్టిన పరీక్ష, దాని పేపర్లు కూడా నేను నెల తర్వాత తిరిగిచ్చా, అప్పటికి అది దేనికీ పనికిరాదు. నా ఉద్దేశంలో పిల్లల్ని ఎక్కువగా నలిపేది సిలబస్ బరువు కాదు, ఏమీ తెలియకుండా చివరిదాకా ఎదురుచూడటం, అన్నీ ఒక్క రోజు మీద ఆధారపడటం. అది కౌన్సెలర్ సృష్టించింది కాదు, నేనే సృష్టించా, తీసేయగలిగేదీ నేనే.

ఆ తర్వాత ఏడాది నుంచి మొదట మార్చింది వారం వారం చిన్న క్విజ్. పది నిమిషాలు, మూడు ప్రశ్నలు, మార్కులు దాదాపు లేనట్టే, పది క్విజ్‌ల్లో తక్కువొచ్చిన రెండు తీసేస్తా. మొదట్లో "ఇంకో టెన్షన్ పెట్టారు సార్" అన్నారు, ఒక నెల పోయాక ఆ మాట ఆగిపోయింది. ఇదేం నా గొప్ప ఐడియా కాదండీ. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఉంది, ఒక పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు, ఒకసారి చదివి తర్వాత చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు అని రెండు గుంపులు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్ళీ చదివినవాళ్ళే బాగా చెప్పారు, వారం తర్వాత అడిగితే గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళు ముందున్నారు. మన పిల్లలు పరీక్ష ముందు రోజు రాత్రంతా హైలైటర్ పట్టుకుని అదే పేజీ ఐదుసార్లు చదివి "వచ్చేసింది" అనుకోవడం ఎందుకు మోసం చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది, ఎందుకంటే ఆ ఐదు నిమిషాలకి నిజంగానే వచ్చినట్టు ఉంటుంది.

రెండోది క్లాసులో మాట్లాడించడం. ఇరవై నిమిషాలు చెప్పి ఒక ప్రశ్న వేస్తా, ముందు ఎవరికి వాళ్ళు జవాబు రాసుకోవాలి, తర్వాత పక్కవాళ్ళతో వాదించుకోవాలి, తర్వాత మళ్ళీ జవాబు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి చేస్తున్న పద్ధతే ఇది. 2014లో సైన్స్, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల మీద చేసిన 225 స్టడీలని కలిపి చూస్తే, ఒట్టి లెక్చర్ క్లాసుల్లో సగటున దాదాపు 34 శాతం ఫెయిలైతే, ఇలా పిల్లలే ఆలోచించి చేసే క్లాసుల్లో 22 శాతం దగ్గర ఉంది. ఫెయిలైన ఒక్కో సబ్జెక్టు తర్వాతి సెమిస్టర్ మెడకి ఎలా చుట్టుకుంటుందో చదువుకున్న ప్రతివాడికీ తెలుసు, కాబట్టి ఈ తేడా మార్కుల లెక్క ఒక్కటే కాదు.

కానీ ఒక చిక్కుంది, ముందే చెప్తే మీకు ఉపయోగం. 2019లో హార్వర్డ్‌లోనే ఇంకో స్టడీ చేశారు, అందులో ఇలాంటి క్లాసులో కూర్చున్నవాళ్ళు టెస్ట్‌లో ఎక్కువ తెచ్చుకున్నారు కానీ "మేం తక్కువ నేర్చుకున్నాం" అనే అనుకున్నారు, ఎందుకంటే బుర్రకి శ్రమ ఎక్కువ, సాఫీగా సాగే లెక్చర్ వింటే అంతా తెలిసిపోయినట్టు ఉంటుంది. నేను ఇది మొదలుపెట్టిన సెమిస్టర్ ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో "సార్ పాఠం చెప్పట్లేదు, మాతోనే చేయిస్తున్నారు" అని రాశారు, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) పిలిచి అడిగారు కూడా. ఇప్పుడైతే మొదటి రోజే ఈ సంగతి చెప్పేస్తా, కష్టంగా ఉంటే మీరు మొద్దులని కాదు, పని జరుగుతోందని. ఆ ఒక్క ముక్క చెప్పడం వల్ల గొడవ చాలా తగ్గింది.

ఈ పక్కవాళ్ళతో మాట్లాడటం వల్ల నేను ఊహించని లాభం ఇంకోటి వచ్చింది, ఎవరూ ఒంటరిగా మిగల్లేదు. 1970ల్లో అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో యూరి ట్రైజ్‌మన్ అనే ఆయన కాల్‌క్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎందుకు వెనకబడుతున్నారో వాళ్ళ వెంట తిరిగి చూశాడు. అందరూ అనుకున్నట్టు శ్రద్ధ లేకా కాదు, ఇంట్లో పట్టించుకోకా కాదు, గంటలు గంటలు ఒక్కళ్ళే కూర్చుని చదువుతున్నారు, చైనీస్ విద్యార్థులేమో కలిసి చదువుతూ ఒకరి తప్పులు ఒకరు పట్టుకుంటున్నారు. ఆయన పెట్టిన వర్క్‌షాపుల్లో నాకు నచ్చింది ఏంటంటే వీళ్ళు వీక్ అని సులువు లెక్కలు ఇవ్వలేదు, కష్టమైనవే ఇచ్చి కలిసి చేయమన్నాడు. వీక్ స్టూడెంట్స్ క్లాస్ అని విడిగా పెట్టడం అంటే నుదుటి మీద ముద్ర వేసినట్టే, మా దగ్గర పెడితే సగం మంది సిగ్గుతో రాలేదు.

డెడ్‌లైన్ల విషయంలో మాత్రం నేను బొక్కబోర్లా పడ్డా. జాలిపడి ఒక సెమిస్టర్ "ఎప్పుడైనా ఇవ్వొచ్చు" అన్నా, అందరూ అన్నీ చివరి వారానికి నెట్టారు, ఆ వారం వాళ్ళ మొహాలు చూడలేకపోయా. ఇప్పుడు డేట్ గట్టిగా ఉంటుంది, కానీ ఒక్కొక్కరికి సెమిస్టర్‌కి మూడు రోజుల అదనపు గడువు చేతిలో ఉంటుంది, కారణం చెప్పక్కర్లేదు, సర్టిఫికెట్ తేనక్కర్లేదు, మెయిల్ పెడితే చాలు. చాలామంది వాడుకోరు కూడా, ఉందన్న ధీమా చాలేమో.

ఇక యూనివర్సిటీ ఏం చేయాలంటే, నాలాంటి ఒక్కరి వల్ల కానివి చేయాలి. ఒకే బ్యాచ్‌కి ఐదు సబ్జెక్టుల అసైన్‌మెంట్లు ఒకే శుక్రవారం పడుతున్నాయని మాకెవరికీ తెలీదు, ఎందుకంటే మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోం. ఒక షేర్డ్ క్యాలెండర్ పెట్టమని అడగడానికే మాకు రెండేళ్ళు పట్టింది, పెట్టాక ఖర్చు సున్నా. ఇంకా, ప్రమోషన్‌కి రీసెర్చ్ పేపర్లు లెక్కపెట్టి టీచింగ్‌ని ఒక లైన్‌లో తేల్చేస్తే ఎవరు క్విజ్‌లు దిద్దుతూ కూర్చుంటారు? నూటిరవై మంది క్లాసు ఇచ్చి ఒక్క టీచింగ్ అసిస్టెంట్ కూడా ఇవ్వకుండా "ప్రతి స్టూడెంట్‌నీ పర్సనల్‌గా పట్టించుకోండి" అని సర్క్యులర్ పంపడం తేలిక.

ఒక్కటి మాత్రం పొరపాటు పడకండి, క్విజ్‌లతో డిప్రెషన్ తగ్గదు. నిద్ర లేదు, తిండి లేదు, బతకాలని లేదు అనే పిల్లల్ని ఆ రోజే, కుదిరితే మనమే పక్కనుండి తీసుకెళ్ళి కౌన్సెలర్‌కో డాక్టర్‌కో చూపించాలి. అయితే వారం వారం క్విజ్ ఉండటం వల్ల నాకు అక్కడ కూడా పనికొచ్చింది, వరసగా రెండు వారాలు రాయని పేర్లు నాకు మూడో వారంలోనే కనపడతాయి, "ఏమైంది, బానే ఉన్నావా?" అని రెండు లైన్ల మెయిల్ పెడతా. సగం మంది జ్వరం అంటారు, కొందరు అసలు రిప్లై ఇవ్వరు, వాళ్ళ కోసం వాళ్ళ ఫ్రెండ్స్‌ని అడుగుతా.

ఆ తెల్ల పేపర్ ఇచ్చినబ్బాయి తర్వాతి ఏడాది అదే సబ్జెక్టు మళ్ళీ నా దగ్గరే రాశాడు, ఈసారి క్విజ్‌లతో. మొదటి మూడింట్లో సున్నాలే వచ్చాయి, నాలుగో దాని తర్వాత వచ్చి "సార్, నాకు థెవెనిన్ రావట్లేదు, అంతకు ముందువి ఇప్పుడు వచ్చాయి" అన్నాడు (థెవెనిన్ అంటే సర్క్యూట్స్‌లో ఒక సిద్ధాంతం).