కొట్టం దగ్గర మాటలు: చెక్కపని మీద మీ ప్రశ్నలు, ప్రొద్దుటూరు వడ్రంగి జవాబులు

ఎండలు ముదిరినాయి కదా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం పగుళ్ల గురించే. ఒకే మాట అడిగిన నలుగురైదుగురిలో ఒకరి ప్రశ్నే వేసినాం. మిగతావాళ్లు అలగొద్దు.

నిరుడు కార్తీకంలో టేకుతో భోజనాల బల్ల చేయించాం. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ఉగాది దాటగానే పైపలక నిలువునా చీలింది. లప్పం పెట్టి మళ్లీ పాలిష్ కొడితే సరిపోతుందని మేస్త్రి అంటున్నాడు. చెక్క మంచిది కాదా, పని మంచిది కాదా?
– ఒక ఉపాధ్యాయుడు, అనంతపురం

సారూ, చెక్కను తిట్టొద్దు. బల్లను తిరగేసి తీసిన ఫోటో కూడా పంపినారు కాబట్టి విషయం తేలిపోయింది. పలక కింద అడ్డపట్టీలకు ఫెవికాల్ పూసి, పైగా స్క్రూలు బిర్రుగా బిగించినాడు. చీలిక అక్కడ పుట్టింది.

చెక్క పొడవులో దాదాపు మారదు. అడ్డంలో మాత్రం గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, తగ్గుతుంది. ఎంత పాత చెక్కయినా అంతే, పాలిష్ కొట్టినా అంతే. కార్తీకంలో గాలి ఇంకా చెమ్మగా ఉంటుంది. చైత్రానికి మీ అనంతపురం గాలి ఎట్లుంటుందో నేను చెప్పేదేముంది! మూడడుగుల టేకు పలక సరిగా ఆరకుండా డిపో నుంచి వచ్చిందైతే, ఒక్క ఎండాకాలంలో అర అంగుళం దాకా దగ్గరికి వస్తుంది. బాగా ఆరిందైనా పావు అంగుళం ఆడుతుంది. కింద పట్టీ పొడవు వాటంలో ఉంది, అది తగ్గదు. పలక దగ్గరికి రావాలంటుంది, పట్టీ రానియ్యదు. ఎక్కడ బలం తక్కువుంటే అక్కడ చీలుతుంది.

ఇప్పుడు లప్పం పెట్టించకండి. వానలు పడి పలక మళ్లీ ఉబ్బేటప్పుడు గట్టిపడిన లప్పం చీలికను మూసుకోనియ్యదు, పక్కన ఇంకో నెర్రె పుట్టిస్తుంది. పలకను ఊడదీయించండి. పట్టీలో నడిమి స్క్రూకు ఉన్న గుండ్రటి బెజ్జం అట్లనే ఉండనిచ్చి, మిగతా బెజ్జాలను పలక వెడల్పు వాటంలో అర అంగుళం సాగదీసి, వాషర్లు వేసి బిగించాలి. మరీ బిర్రుగా కాదు. జిగురు చుక్క కూడా వద్దు. చీలిక తనంతట తాను మూసుకోకపోతే, దాని వెంబడే రంపంతో పలకను రెండుగా కోసి, అంచులు చిత్రికపట్టి, అతికించి క్లాంపులు వేయాలి. వెడల్పు కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇదేమీ కొత్త విద్య కాదు. మా వైపు పాత మట్టిమిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చే తలుపులు చూడండి. చట్రంలో గాడి తీసి, పలకను జిగురు లేకుండా అందులో ఊరికే నిలబెట్టినారు. మే నెలలో అట్లాంటి తలుపు దగ్గరికి పోయి పలక అంచు చూస్తే, రంగు అంటని సన్నటి గీత కనిపిస్తుంది. వానాకాలంలో ఆ గీత గాడిలో దాక్కుంటుంది. పలక ఎంత జరిగిందో ఆ గీత వెడల్పే చెబుతుంది. నా దగ్గర పని నేర్చుకోను వచ్చిన పిల్లోళ్లకు మొదట చూపించేది ఆ గీతే.

ఇంకో మాట. చెక్క ఆరిందో లేదో తెలుసుకోను తేమ కొలిచే మీటరు లేకపోయినా ఇబ్బంది లేదు. అదే పలకలో ఒక తుంట కోయించి, ఇంట్లో పెట్టి, వారానికోసారి కిరాణా కొట్టు తక్కెడలో తూకం వేయించండి. బరువు తగ్గుతూ ఉన్నన్నాళ్లు పని మొదలు పెట్టనీయకండి.

మా టేకు మంచానికి (ఆరున్నర అడుగులు, ఐదడుగులు) ఏడు సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు) పడుతుందని మేస్త్రి అంటాడు. ఐదుకు మించదని మా మరిది. ఎవరి మాట నమ్మాలి?
– ఒక గృహిణి, కడప

అమ్మా, టేపు నమ్మండి. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడూ గుణించి 144తో భాగిస్తే సీఎఫ్‌టీ వస్తుంది. ఆరడుగుల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు, రెండంగుళాల మందం ఉన్న చెక్క సరిగ్గా అర సీఎఫ్‌టీ.

మీరు రాసిన కొలతలకు లెక్క వేసినా. పక్క చెక్కలు, నాలుగు కాళ్లు, తలాపు, కాళ్లవైపు అడ్డచెక్కలు, తలాపు పలక, పరుపు కింద పట్టీలు అన్నీ కలిపి తయారైన మంచంలో నాలుగున్నర సీఎఫ్‌టీ లోపే ఉంటుంది. మీ మరిది చెప్పింది ఈ లెక్క. అయితే కోతలో, చిత్రికలో, తెల్లచెక్క (బెరడు పక్కనుండే లేత చెక్క) తీసేయడంలో దీని మీద ఇంకో మూడో వంతు దాకా తరుగు పోతుంది. అట్లా చూస్తే ఆరు కొనాల్సిందే. ఏడోది ఎందుకో మేస్త్రిని మర్యాదగానే అడగండి. మిగిలిన తుంటలు మీకే ఇమ్మనండి, అవి మీరు డబ్బు పెట్టి కొన్నవి.

తెల్లచెక్క తరుగులో పోయిందని బాధపడొద్దు. పుచ్చుపురుగు తినేది దాన్నే. చేవ, అంటే నడిమి ముదురు చెక్క, జోలికి అది రాదు. ఇక పరుపు కింద పట్టీలకు టేకు దండగ. ఎండిన వేప వేయిస్తే ఒక సీఎఫ్‌టీ డబ్బు మిగులుతుంది.

దుంగ కొంటే కొలత వేరు. చుట్టుకొలతలో నాలుగో వంతును (అంగుళాల్లో) దానితోనే గుణించి, పొడవుతో (అడుగుల్లో) గుణించి, ఇక్కడా 144తో భాగిస్తారు. 40 అంగుళాల చుట్టుకొలత, 10 అడుగుల పొడవున్న దుంగ ఈ లెక్కన 6.94 సీఎఫ్‌టీ. నిజానికి అందులో ఉండేది 8.8 పైచిలుకు. కోత నష్టం కింద కొనేవాడికి వదిలేసినట్టు. ఆ సంగతి తెలియక కొందరు డిపోవాడు మోసపోయినాడని సంబరపడతారు.

మా తాత కొన్న అమెరికా గోడ గడియారం కొత్త ఇంట్లో తగిలించాం. కీ ఇస్తే పది నిమిషాలు ఆడి ఆగిపోతుంది. లోపల బ్యాటరీ మిషన్ పెట్టించమని సలహా ఇస్తున్నారు.
– ఒక పాఠకురాలు, నంద్యాల

అమ్మా, ఆ పని మాత్రం చేయొద్దు. పది నిమిషాలైనా ఆడిందంటే మిషన్‌లో ప్రాణం ఉన్నట్టే. పాత ఇంట్లో ఏ కాస్త వాలులో తగిలించి ఉండేదో, దానికి ఆ వాలు అలవాటు. కొత్త గోడ మీద అది మారింది.

ఇంట్లో ఫ్యాన్, టీవీ ఆపి, గడియారం ముందు నిలబడి వినండి. టిక్కుకు టక్కుకు మధ్య ఎడం, టక్కుకు టిక్కుకు మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటుతూ వినిపిస్తే పెట్టె కింది భాగాన్ని వెంట్రుకవాసి ఎడమకు, కుడికి జరుపుతూ పోండి. ఒకచోట చప్పుడు సమానమవుతుంది. అక్కడ గోడ మీద పెన్సిల్ గీత పెట్టండి, దులిపేటప్పుడు కదిలినా మళ్లీ వెతుక్కోనక్కర లేదు. పెట్టె వంకరగా కనిపించినా పర్వాలేదు. కంటికి కూడా తిన్నగా ఉండాలంటే లోలకాన్ని తోసే సన్నటి తీగను కాస్త వంచాలి, అది పని తెలిసినవాడితో చేయించండి.

కీ ఇచ్చే రెండు బెజ్జాల్లో ఒకటి నడకకు, రెండోది గంటలకు. ముల్లును వెనక్కి తిప్పొద్దు, గంటల లెక్క తప్పుతుంది. కొబ్బరి నూనె పోయడం మన ఇళ్లలో అలవాటు. చలికాలం పొద్దున సీసాలో గడ్డకట్టే నూనె గడియారంలో మాత్రం గడ్డకట్టకుండా ఉంటుందా? గడియారాల నూనె వేరే ఉంది, ఇరుసు కొనకు సూది మొన మీద నిలిచేంత చాలు.

లోలకం కింద మర పైకి తిప్పితే గడియారం వేగం, కిందికి తిప్పితే నిదానం. ఎండాకాలంలో వెనకబడితే కంగారు పడొద్దు. లోలకం కమ్మీ ఉక్కుదైతే, వేడికి సాగి ఒక్కో డిగ్రీకి రోజుకు అర సెకను చొప్పున పోతుంది. చలికాలానికి, ఇప్పటికి ఇరవై డిగ్రీల తేడా వేసుకున్నా వారానికి నిమిషం పైనే. ఈ బాధ చెక్కకు తక్కువ. పొడవులో అది వేడికి ఉక్కంత సాగదు. అందుకే పాతకాలం మంచి గడియారాల్లో తేమ పట్టకుండా వార్నిష్ చేసిన చెక్క కమ్మీ కనిపిస్తుంది. ఓడల్లో రేఖాంశం తేల్చే గడియారం చేసిన జాన్ హారిసన్ కూడా ఇంగ్లండులో వడ్రంగే. 1713లో ఆయన చేసిన తొలి గడియారంలో పళ్లచక్రాలు సైతం ఓక్ చెక్కవే. మా కులవృత్తిని ఎవరైనా చిన్నచూపు చూస్తే నేను ఎత్తేది ఆయన పేరే.

బ్యాటరీ మిషన్ పెడితే లోలకం ఊగుతుంది గానీ కాలంతో దానికి పనే ఉండదు. ఉత్త అలంకారం.

నాపరాయి పలక డయలుగా, చుట్టూ టేకు చట్రం పెట్టి గోడ గడియారాలు చేస్తున్నా. మిషన్ ఇరుసు రాతి బయటికి రావడం లేదు. ధర ఎంత చెప్పాలో తెలియడం లేదు. బజారులో మూడొందలకే వస్తుంది కదా అంటున్నారు.
– ఒక యువకుడు, ఎర్రగుంట్ల

తమ్ముడూ, రాయి మీ ఊరిది, చెక్కపని నీది. ఆలోచన బాగుంది.

ఇరుసు సంగతి: రాయి అంగుళం మందం ఉంటే మామూలు మిషన్ ఇరుసు చాలదు. వెనకవైపు మిషన్ పట్టేంత చదరం గుంట తొలిపించి, ముందు ఐదారు మిల్లీమీటర్ల రాయి మాత్రమే మిగల్చు. ఇరుసు మర పొడవు దానికి సరిపోయేది అడిగి కొను. ముళ్లు పెద్దవైతే బలమైన మిషన్ తీసుకో. అడుగు వెడల్పు, అంగుళం మందం ఉన్న గుండ్రటి నాపరాయి ఐదు కిలోల దాకా తూగుతుంది. మిషన్‌కుండే ప్లాస్టిక్ కొక్కేనికి తగిలిస్తే ఏ రాత్రో ఎవరి నెత్తినో పడుతుంది. బరువంతా టేకు చట్రం మోయాలి, చట్రానికి ఇనుప పట్టీ మరల్తో బిగించు. రాయిని చట్రంలో బిర్రుగా ఇరికించొద్దు. రాయి తగ్గదు, చెక్క తగ్గుతుంది. అనంతపురం సారుకు పైన రాసిందే నీకూ వర్తిస్తుంది. చుట్టూ రెండు మిల్లీమీటర్లు వదిలి మెత్తటి సిలికాన్ పెట్టు.

ధరకు వద్దాం. చెక్క, రాయి, మిషన్, పాలిష్, కరెంటు ఒకవైపు రాసుకో. బయట కూలికి పోతే నీకు రోజుకు ఎంత వస్తుందో చూసి, గడియారానికి పట్టిన గంటలు అదే లెక్కన వేసుకో. కొలతలు తీసుకున్న గంటలు, ఫోన్లో మాట్లాడిన గంటలు కూడా పనిగంటలే. కోతలో పగిలిన రాళ్ల ఖర్చును నిలిచిన రాళ్ల మీద వేయాలి. ఆపైన లాభం. వచ్చిన అంకె చూసి నీకే భయమేస్తే పని తగ్గించే దారి వెతుకు, కూలి మాత్రం తగ్గించుకోవద్దు. మూడొందల గడియారం అడిగేవాడు నీ గిరాకీ కాడు. వాడితో బేరమాడి పొద్దు పుచ్చొద్దు.

గృహప్రవేశాలకు కానుక కొనేవాళ్లు, ఇళ్లకు ప్లాన్లు గీసే ఇంజనీర్లు, కొత్త హోటళ్లు, వీళ్ల దగ్గరికి పో. ఒక గడియారం చేతిలో పట్టుకుని పో, ఫోటో చాలదు. రాయిని తాకి చూస్తే బేరం సగం తెగినట్టే. ఆర్డరుకు సగం డబ్బు ముందే తీసుకో. అమ్మిపెట్టినాక ఇస్తాం అనే షాపులకు ఒకటికి మించి ఇవ్వొద్దు. పార్శిల్‌లో పంపేటప్పుడు రాయి వేరే, చట్రం వేరే కట్టు. పేర్చే పద్ధతి కాగితం మీద తెలుగులో రాసిపెట్టు.

పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే ముందు పీఎం విశ్వకర్మ పథకం చూడు. 2023 సెప్టెంబరు 17న మొదలైంది, 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయల వరకు ఇస్తారు. తనఖా లేకుండా మొదట లక్ష వరకు, అది కట్టినాక రెండు లక్షల వరకు అప్పు, వడ్డీ 5 శాతం. ఇంటికి ఒక్కరికే. కామన్ సర్వీస్ సెంటర్‌లో పేరు రాయించుకోవాలి.

ఎర్రచందనంతో గడియారం చేయించాలని ఉంది. ఒకాయన చెక్క తెచ్చిస్తానంటున్నాడు.
– ఒక పాఠకుడు, మైదుకూరు

వద్దన్నా. లంకమల కొండల పక్కనే ఉండి ఈ మాట అడుగుతారా? శేషాచలం, పాలకొండల్లో, మన లంకమలలో తప్ప ఎక్కడా పెద్దగా పెరగని చెట్టు అది. దాని వ్యాపారం మీద అంతర్జాతీయ ఆంక్షలున్నాయి. కాగితాలు లేని చెక్క ఇంట్లో దొరికితే తెచ్చినవాడు కాదు, మీరు చిక్కుతారు. ఎర్రటి చట్రమే కావాలంటే నల్లతుమ్మ చేవ చూడండి. రంగు ఎర్రమట్టి గోధుమలోకి వస్తుంది, నూనె పట్టిస్తే ఇంకా తేలుతుంది. ఉలి అంచు మాటిమాటికి పోతుంది కాబట్టి వడ్రంగులు ముఖం చిట్లిస్తారు, కూలి కాస్త ఎక్కువ అడుగుతారు. ఇవ్వండి.