వాసన బాగుంటే పచ్చి పాలు మంచివేనా?

ప్రశ్న: ఉదయం తెచ్చిన పచ్చి పాలను ఫ్రిజ్‌లో ఉంచి మరునాటి సాయంత్రం కాచుకుంటున్నాం. వాసనలో తేడా లేకపోయినా ఒక్కోసారి కాచేటప్పుడు విరిగిపోతున్నాయి. విరగని రోజున తాగవచ్చా? ఎలాగూ కాచే పాలకు నిల్వలో ఇంత జాగ్రత్త అవసరమా?

జవాబు: అవసరమే. పొదుగుకు అంటిన పేడ నుంచి, పితికేవారి చేతుల నుంచి, సరిగా కడగని పాత్రల నుంచి ఈ.కొలై, సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ వంటి బ్యాక్టీరియా పాలలో చేరవచ్చు. అవి వాసననూ రుచినీ మార్చాలన్న నియమం లేదు. పాలను పులియబెట్టేవి చాలావరకు వేరే రకాలు. వాటివల్ల పులుపు కొద్దిగా పెరిగినా చల్లని పాలలో అది బయటపడదు. మరిగేసరికి మాంసకృత్తులు గడ్డకట్టి పాలు విరుగుతాయి. కాబట్టి విరగకపోవడాన్ని భద్రతకు గుర్తుగా తీసుకోకండి.

పితికిన పాలు సుమారు 38 డిగ్రీల సెల్సియస్ వేడితో ఉంటాయి. ఆ వెచ్చదనంలో కొన్ని బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపవుతాయి. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లపాటు సాగే పాశ్చరీకరణకే రోగకారక బ్యాక్టీరియా చనిపోతాయి కనుక, పాలను కలుపుతూ బాగా మరిగిస్తే వాటి భయం తీరుతుంది. అయితే పొదుగువాపు ఉన్న పశువుల పాలలో తరచు కనిపించే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా, వెచ్చని పాలలో పెరుగుతూ విషాన్ని వదిలిందంటే, ఆ విషం మరిగించినా పోదు. కాచేముందు పాలు ఎంతసేపు వెచ్చగా ఉన్నాయన్నది అందుకే ముఖ్యం.

పాలు రాగానే కాచి, పాత్రను చల్లటి నీళ్లలో నిలిపి, వేడి తగ్గాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచడం అన్నిటికన్నా మేలు. కాచినా చావని సిద్ధబీజాలు (కొన్ని బ్యాక్టీరియా గట్టి పొరతో నిద్రాణంగా ఉండే రూపాలు) కొన్ని ఉంటాయి కనుక, కాచిన పాలనూ గంటల తరబడి బయట వదలరాదు. వెంటనే కాచే వీలు లేకపోతే చిన్న పాత్రల్లో పోసి 4 డిగ్రీలకు మించని చల్లదనంలో ఉంచండి. పెద్ద గిన్నెలో నడిమి పాలు చాలాసేపు వెచ్చగానే ఉండిపోతాయి. మాటిమాటికీ తెరిచే ఫ్రిజ్ తలుపు అరలో మాత్రం పెట్టకండి. పాత పాలలో కొత్తవి కలపడమూ మంచిది కాదు. ఇంతా చేసినా, లిస్టీరియా అనే బ్యాక్టీరియా ఆ చల్లదనంలోనూ మెల్లగా పెరుగుతుంది. గర్భిణులకు అది మరీ ప్రమాదం. అందుచేత మరునాటి సాయంత్రం దాకా ఆగవద్దనే నా సలహా.

విరిగిన పాలను పారబోసి, అవి ఎప్పుడు పితికినవో, అప్పటినుంచి చల్లగా ఉంచారో లేదో ఇచ్చినవారిని అడగండి.