చలానా కట్టాను సరే, తిట్లెందుకు పడాలి?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు యాభై దాటాయి. తెలంగాణలో ఒక జిల్లా కేంద్రంలో చిన్న ఎలక్ట్రికల్ షాపు నడుపుకుంటున్నాను. మొన్నామధ్య బంధువులింట్లో ఫంక్షన్ ఉంటే నేనూ మా ఆవిడా బండి మీద బయల్దేరాం. నాకు హెల్మెట్ ఉంది, ఆమెకు లేదు. చౌరస్తాలో ట్రాఫిక్ ఎస్సై ఆపమంటే ఆపాను. స్టాండు వేసేలోపే వచ్చి తాళం చెవి లాగేసుకుని, "ఏందిరా, పెళ్లానికి హెల్మెట్ కొనిచ్చే దిక్కు లేదా" అన్నాడు. చుట్టూ నలుగురూ చూస్తున్నారు, అందులో మా షాపుకొచ్చేవాళ్లూ ఉన్నారు. "సార్, ఫైన్ రాయండి, కడతాను, మాట మాత్రం మర్యాదగా అనండి" అన్నాను. అంతే, "నాకే నేర్పుతవా, స్టేషన్‌కు నడువ్, అక్కడ చూపిస్త మర్యాద" అని చాలాసేపు నిలబెట్టి, చివరికి చలానా కొట్టి, తాళం సీటు మీదికి విసిరేశాడు. ఆ రోజు మా ఆవిడ ఫంక్షన్‌లో ముద్ద ముట్టలేదు. కంప్లైంట్ ఇద్దామంటే మా బామ్మర్ది "బావా, పోలీసోళ్లతో పెట్టుకుంటే దొంగ కేసు పెడతరు" అంటున్నాడు. మా అబ్బాయేమో సోషల్ మీడియాలో పెట్టేద్దామంటున్నాడు. హెల్మెట్ లేని తప్పు మాదే కదా, నాకు అడిగే హక్కు ఉందా? – పేరు, ఊరు వేయొద్దన్న పాఠకుడు

జవాబు: ఉంది. నూటికి నూరుపాళ్లూ ఉంది. "తప్పు మాదే కదా" అనుకునే చాలామంది నోరు మూసుకుని ఇంటికొచ్చి, ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద చూపించి, లోపల్లోపల కుమిలిపోతుంటారు. ముందు మీ తప్పునూ, ఆయన తిట్టునూ విడదీయండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్‌ను వెనక కూర్చున్నవాళ్లకూ తప్పనిసరి చేసింది, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా. కాబట్టి చలానా న్యాయమే, దాని మీద వాదన పెట్టుకోకండి, కట్టేసి రసీదు దాచుకోండి. ఆ తప్పుకు చట్టం రాసిన శిక్ష జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత, అంతకు మించి మీరేమీ బాకీ లేరు. భార్య ముందు, తెలిసినవాళ్ల ముందు "ఏందిరా" అనిపించుకోవాలని ఏ సెక్షన్‌లోనూ లేదు.

తాళం చెవి సంగతి చెబుతాను, ఎందుకంటే రోజూ జరిగేది ఇదే. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు, ఆర్సీ చూపించడం 130వ సెక్షన్ ప్రకారం మన బాధ్యత. రిజిస్ట్రేషన్ లేకపోయినా, లైసెన్సు లేకుండా నడిపినా, పర్మిట్ లేకపోయినా బండిని ఆపి ఉంచుకునే అధికారం 207వ సెక్షన్ ఇచ్చింది. హెల్మెట్ లేదని తాళం లాక్కునే అధికారం మాత్రం ఈ చట్టంలో నాకు ఎక్కడా కనబడలేదు. ఇది మర్యాదతో పోయే విషయం కూడా కాదు, బండి పూర్తిగా ఆగకముందే తాళం కోసం చెయ్యి పెడితే మనిషి కింద పడతాడు. 2018 మార్చిలో తమిళనాడులోని తిరుచ్చి దగ్గర హెల్మెట్ లేని ఒక జంట ఆగలేదని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్ వెంబడించి బండిని తన్నాడు, వెనక కూర్చున్న ఆమె చనిపోయింది, ఆ ఇన్‌స్పెక్టర్‌ను అరెస్టు చేశారు. హెల్మెట్ రూలు ఉన్నదే ప్రాణం కాపాడటానికి. ఆ రూలు పేరు చెప్పి ప్రాణం తీస్తే దాన్ని ఏమనాలి?

ఇక కంప్లైంట్ గురించి. ఆ టెన్షన్‌లో నేమ్‌ప్లేట్ చూడలేదని మీకు బెంగ ఉంటుంది, మీ ఉత్తరంలో ఆయన పేరు లేకపోవడం చూసి అంటున్నాను. దానికి దారి మీ చేతిలోనే ఉంది, ఆ చలానాయే. దాని మీద తేదీ, టైము, ఏ పాయింటులో, ఏ స్టేషన్ పరిధిలో అన్నీ ఉంటాయి. ఆ టైముకు ఆ పాయింటులో డ్యూటీ ఎవరిదో, చలానా కొట్టే మెషిన్ ఎవరి చేతిలో ఉందో డిపార్ట్‌మెంట్‌కు తెలుసు. "ఎవరో తెలియదు" అని వాళ్లు తప్పించుకోవడానికి వీల్లేదు. అందుకే చలానా ప్రింటు తీసి ఫిర్యాదుకు జత చేయండి.

ఫిర్యాదు ఒక పేజీ దాటకూడదు. కోపం అంతా అందులో పోయకండి, "రౌడీలా ప్రవర్తించాడు" లాంటి మాటలు రాస్తే చదివే అధికారికి మీ కోపం తప్ప జరిగిందేమిటో కనబడదు. ఆయన అన్న మాట అన్నట్టే రాయాలి. ఇలా ఉంటే చాలు:

"ఫలానా తేదీ సాయంత్రం ఫలానా చౌరస్తాలో నా ద్విచక్ర వాహనాన్ని ఆపిన ట్రాఫిక్ ఎస్సై, నేను కాగితాలు తీయకముందే తాళం చెవి తీసుకున్నారు. నా భార్య ఎదుట 'ఏందిరా, పెళ్లానికి హెల్మెట్ కొనిచ్చే దిక్కు లేదా' అన్నారు. మర్యాదగా మాట్లాడమని కోరితే స్టేషన్‌కు తీసుకెళ్తానని బెదిరించారు. చలానా మీద నాకు అభ్యంతరం లేదు, చెల్లించాను, రసీదు జతపరిచాను. నా ఫిర్యాదు ఆయన భాష మీద, ప్రవర్తన మీద మాత్రమే. ఆ చౌరస్తాలోని సీసీ కెమెరా రికార్డును, బాడీ కెమెరా ఉంటే ఆ రికార్డును చెరిగిపోకుండా భద్రపరచి విచారణ జరపగలరు."

కెమెరా గురించి ఆ చివరి వాక్యం మర్చిపోవద్దు. పాత రికార్డు మీద కొత్తది ఎక్కేస్తుంది, ఆలస్యం చేసేకొద్దీ మీకే నష్టం. పక్కన షాపుల్లో కెమెరా ఉంటే వాళ్లనీ అడగండి, మీదీ వ్యాపారమే కదా, సాటి షాపువాళ్లు కాదనకపోవచ్చు. మీ ఆవిడ చేత ఆమె చూసింది, విన్నది విడిగా ఒక కాగితం మీద రాయించి సంతకం పెట్టించండి. ఆమె సాక్షి మాత్రమే కాదు, ఆ మాట తగిలిన మనిషి కూడా.

ఎవరికివ్వాలి? అదే స్టేషన్‌కు వెళ్లకండి. జిల్లా అయితే ఎస్పీ, కమిషనరేట్ అయితే కమిషనర్ లేదా ట్రాఫిక్ డీసీపీ. ఆఫీసులో ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి, వేయకపోతే పేచీ వద్దు, స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకోండి. తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్‌లో పోలీసుల తప్పులు రిపోర్ట్ చేయడానికే విడిగా ఆప్షన్ పెట్టారు, అందులోనూ పెట్టండి, కానీ కాగితం మానకండి. ఆంధ్రాలో ఉన్నవాళ్లు సోమవారాల్లో ఎస్పీ ఆఫీసులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లొచ్చు. నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే ఎస్పీ ఆఫీసుకే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద "నా ఫిర్యాదు మీద ఏం చర్య తీసుకున్నారు, ఫైలు ఎవరి దగ్గర ఉంది" అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ఒక్క దరఖాస్తుతో కదిలిన ఫైళ్లు చాలా ఉన్నాయి.

మీ బామ్మర్ది భయాన్ని నేను కొట్టిపారేయను. అలాంటివి జరుగుతాయి. అందుకే రోడ్డు మీద ఎంత తిట్టినా చెయ్యి లేపకండి, ఆయన చేతిలో మెషిన్ లాక్కోకండి, చొక్కా పట్టుకోకండి. డ్యూటీలో ఉన్న ఉద్యోగిని అడ్డుకోవడానికి చెయ్యి చేసుకున్నారని భారతీయ న్యాయ సంహిత 132వ సెక్షన్ పెడితే అది నాన్ బెయిలబుల్. మీరు మాత్రం ఆ రోజు నోరు జారలేదు, చెయ్యి ఎత్తలేదు, ఇప్పుడు మీ బలమంతా అదే. ముద్ర పడిన ఫిర్యాదు మీ దగ్గర ఉంటే రేపు ఎవరైనా కక్షతో కేసు పెట్టబోయినా "ఫలానా రోజున నేను ఫిర్యాదు చేశాను, అందుకే ఇది" అని చూపించడానికి ఆధారం ఉంటుంది. ఏమీ చేయకుండా ఊరుకున్నవాళ్లకు ఆ ఆధారమూ ఉండదు.

తిట్టినందుకు క్రిమినల్ కేసు పెట్టొచ్చా అంటే, కావాలని అవమానించి రెచ్చగొట్టడం అదే న్యాయ సంహిత 352వ సెక్షన్ కింద నేరమే, కాకపోతే నాన్ కాగ్నిజబుల్, మెజిస్ట్రేటు అనుమతి లేకుండా దర్యాప్తు నడవదు. మీ విషయంలో శాఖాపరమైన విచారణే దగ్గరి దారి. కొట్టి ఉంటే మాత్రం కథ వేరు, ముందు ప్రభుత్వాసుపత్రికి వెళ్లి దెబ్బలు రాయించుకోవాలి, తర్వాతే మిగతావి.

మీ అబ్బాయికి నా మాటగా చెప్పండి, పోస్టు పెడితే పై అధికారులు త్వరగా కదులుతారన్నది నిజమే, కానీ వాళ్లమ్మ కళ్లనీళ్లు కూడా ఊరంతా తిరుగుతాయి, కింద కామెంట్లలో "హెల్మెట్ ఎందుకు పెట్టుకోలేదు" అని వందమంది ఆమెనే నిలదీస్తారు. ఆమె సరేనంటే తప్ప వద్దు.

ఫిర్యాదు వెళ్లాక బహుశా ఒక ఫోన్ వస్తుంది. "రండి సార్, కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. వెళ్లండి, ఒంటరిగా వద్దు. ఆ ఎస్సై మనస్ఫూర్తిగా సారీ చెబితే, మీ ఆవిడకు కూడా చెబితే, అక్కడితో వదిలేయాలా వద్దా అన్నది మీ ఇద్దరి ఇష్టం. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం చేయొద్దు, ముఖ్యంగా "ఫిర్యాదు పొరపాటున ఇచ్చాను" అని రాసి తెస్తే. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ ఉంది, తెలంగాణకు హైదరాబాద్‌లో, ఆంధ్రకు విడిగా. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్లాలి.

నిజానికి మీలాంటివాళ్లు ఇన్ని గుమ్మాలు తొక్కే పని ఉండకూడదు. 2006 సెప్టెంబరు 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి ప్రతి జిల్లాలో రిటైర్డ్ జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక అథారిటీ పెట్టాలని చెప్పింది. ఇన్నేళ్లు గడిచినా జిల్లాలో దాని బోర్డు ఎక్కడుందో చెప్పగలిగే మనిషి కనబడడు. 'ఫ్రెండ్లీ పోలీసింగ్' అని గోడల మీద రాసే ప్రభుత్వాలు ముందు ఈ పని చేసి చూపించాలి.

ప్రశ్న: మా ఆయన ట్రాఫిక్ కానిస్టేబుల్. ఎండలో, పొగలో గంటల తరబడి నిలబడి ఇంటికొచ్చేసరికి గొంతు పోయి ఉంటుంది. రోజూ ఎవడో ఒకడు "నేనెవరో తెలుసా" అంటాడు, ఫోన్ తీసి లీడర్లకు చేస్తాడు. మీరందరూ మా వాళ్లనే అంటారు, వాళ్ల గురించి ఎవరు రాస్తారు? – ఒక సోదరి

జవాబు: మీ బాధ నాకు అర్థమైందమ్మా. ఆ పొగ పీల్చి ఊపిరితిత్తులు పాడుచేసుకునేది ముందు వాళ్లే, డ్యూటీ గంటలు తగ్గించమని అడిగే హక్కు కూడా వాళ్లకు సరిగ్గా లేదు. మీ ఆయన్ని దుర్భాషలాడినవాడి మీదా ఇంత గట్టిగానే కేసు పెట్టాలి. బాడీ కెమెరా ఇస్తే ఆన్‌లోనే ఉంచమనండి, ముందుగా కాపాడేది మీ ఆయన్నే. కానీ ఒక తేడా ఉంది, రోడ్డు మీద సామాన్యుడు తిడితే మీ ఆయన చలానా రాయగలడు, కేసు పెట్టగలడు, మీ ఆయన తిడితే ఆ సామాన్యుడు చేయగలిగింది చాలా తక్కువ. 1985లో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు పంపిన పోలీసు ప్రవర్తనా నియమావళిలో జనంతో మర్యాదగా ఉండాలని స్పష్టంగా రాసింది అందుకే. "నేనెవరో తెలుసా" అన్నవాడికి మర్యాదగానే, ఒక్క రూపాయి తగ్గకుండా చలానా రాయమనండి. లీడర్ ఫోన్ చేస్తే ఎస్సైకి చెప్పి జనరల్ డైరీలో ఎంట్రీ వేయించమనండి.

ప్రశ్న: ఫోన్లో లైసెన్సు చూపిస్తే ఒరిజినల్ కావాలని కేకలేశారు. చెల్లదా? – డిగ్రీ విద్యార్థిని

జవాబు: చెల్లుతుంది. డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ చూపించే లైసెన్సు, ఆర్సీ ఒరిజినల్‌తో సమానమే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 139వ రూలును 2018లో ఇందుకోసమే మార్చారు. గ్యాలరీలో ఉన్న ఫొటోగానీ స్క్రీన్‌షాట్‌గానీ చూపిస్తే ఒప్పుకోరు, యాప్ తెరిచే చూపించాలి. ఒక్కోసారి చౌరస్తాలో నెట్ రాదు, బయల్దేరే ముందు యాప్ ఓసారి ఓపెన్ చేసి డాక్యుమెంట్లు వస్తున్నాయో లేదో చూసుకోమ్మా.