అప్పు లేకుండా యూరప్ హనీమూన్: సంక్రాంతి దాటాక బయలుదేరండి

ప్రశ్న: మేము మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం. ఇద్దరం ప్రైవేటు ఉద్యోగులం. శ్రావణంలో పెళ్లయింది. ఇద్దరి జీతాలు కలిపి చేతికి నెలకు 1,28,000 రూపాయలు వస్తాయి. అద్దె, మెయింటెనెన్స్ 26,000, పెళ్లి కోసం తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 12,400, చిట్టీ 20,000, ఇరువైపుల పెద్దలకు 15,000, ఇంటి ఖర్చు 22,000. పొదుపు ఖాతాలోనూ ఎఫ్‌డీలోనూ కలిపి 3,10,000 ఉంది. చదివింపుల డబ్బు లక్ష విడిగా బ్యాంకులో వేశాం. డిసెంబరు చివర్లో స్విట్జర్లాండ్, పారిస్ హనీమూన్‌కు ఒక ట్రావెల్ ఏజెంటు ఇద్దరికీ 5,20,000 అడుగుతున్నాడు. మా వారు 14 శాతం వడ్డీకి 4 లక్షల లోన్ తీసుకుందామంటున్నారు. లేదంటే 25 నెలల 5 లక్షల చిట్టీలో 11 నెలలు కట్టాం కాబట్టి, లక్ష దాకా తగ్గించి అయినా ఇప్పుడే పాడేద్దామంటున్నారు. మంచు చూడాలన్నది ఇద్దరి కోరిక. నేను వద్దంటే పిసినారిలా ఆలోచిస్తున్నానేమో అనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: మీది పిసినారితనం కాదు, మీ వారిది దుబారా కూడా కాదు. పెళ్లయిన మొదటి ఏడాది కలిసి చేసే ప్రయాణానికి ఉన్న విలువను ఏ లెక్కల పుస్తకమూ కొట్టిపారేయలేదు. అందుకే ఈ యాత్రను మానుకోమని నేను చెప్పడం లేదు. తేదీని, ఊళ్లను మార్చుకుంటే అప్పు చేయకుండా, చిట్టీ పాడకుండా వెళ్లి రాగలరని మాత్రం నమ్మకంగా చెబుతున్నాను.

ముందు లోన్ సంగతి చూద్దాం. 4 లక్షలను 14 శాతం వడ్డీతో మూడేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 13,670 కట్టాలి. అంటే మొత్తం 4,92,000 దాకా అవుతుంది, అందులో వడ్డీయే 92,000. ఇప్పుడు అన్ని ఖర్చులూ పోను మీకు నెలకు మిగులుతున్న 32,600 కాస్తా 19,000లోపుకు పడిపోతుంది, ఆ అప్పు మీ మూడో పెళ్లిరోజు దాటిన తర్వాత గాని తీరదు. చిట్టీ పాడటం అంతకన్నా మంచిదేమీ కాదు. లక్ష వదులుకొని 4 లక్షలు చేతికి తీసుకున్నా, మిగిలిన 14 వాయిదాలూ కడుతూనే ఉండాలి. ఆ చిట్టీని చివరిదాకా ఉంచి, వచ్చిన మొత్తంతో పెళ్లి లోన్‌లో అప్పటికి మిగిలిన బాకీని ఒకేసారి తీర్చడమే దానికి తగిన ఉపయోగం.

ఇక డిసెంబరు చివరి వారం గురించి. క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్య విమాన టికెట్లు, హోటల్ గదులు ఏడాదిలోకెల్లా ఖరీదుగా ఉండే రోజుల్లో చేరతాయి. పైగా మీది పెళ్లయ్యాక వచ్చే మొదటి సంక్రాంతి. కొత్త అల్లుడు పండక్కి వస్తున్నాడంటే ఎంత ఖర్చు పుట్టింటివారు పెట్టుకున్నా, మీ చేతి నుంచి కూడా బట్టలకూ కానుకలకూ కొంత పోక తప్పదు. ఐరోపా నుంచి ఖాళీ పర్సుతో దిగిన పది రోజులకే ఆ పండుగ వస్తుంది. అందువల్ల సంక్రాంతి ముగించుకొని జనవరి 20 తర్వాత బయలుదేరండి. రద్దీ తగ్గి ఉంటుంది, మంచు కురిసే అవకాశం డిసెంబరు కన్నా ఎక్కువ, 26వ తేదీ సెలవు కూడా కలిసివస్తుంది. క్రిస్మస్ సంతలు ఉండవన్న ఒక్క లోటును మాత్రం ఒప్పుకోవాలి.

ఊళ్ల విషయంలో మన తెలుగువారి మనసు స్విట్జర్లాండ్ మీదే ఉంటుంది, దాన్ని నేను అర్థం చేసుకోగలను. కానీ తక్కువ బడ్జెట్‌కు అది బొత్తిగా సరిపడని దేశం. దానికి బదులు చెక్ రాజధాని ప్రాగ్‌లో రెండు రాత్రులు, ఆస్ట్రియా రాజధాని వియన్నాలో రెండు, హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో నాలుగు ఉండండి. ప్రాగ్ నుంచి వియన్నాకు రైలులో సుమారు నాలుగు గంటలు, వియన్నా నుంచి బుడాపెస్ట్‌కు మూడు గంటలలోపే. ప్రాగ్‌లో దిగి బుడాపెస్ట్ నుంచి తిరిగి వచ్చేలా గల్ఫ్ నగరాల మీదుగా ఒకే టికెట్ తీసుకుంటే, వెనక్కి ప్రయాణించే ఖర్చు, ఒక రోజు రెండూ మిగులుతాయి. మూడింటిలో ఖర్చు తక్కువైన బుడాపెస్ట్‌కు ఎక్కువ రాత్రులు ఇవ్వడం కావాలని చేసిన లెక్క. చలిలో సెచేని వేడినీటి స్నానశాలలో కూర్చోవడం చాలా ఖరీదైన రిసార్టుల్లోనూ దొరకని అనుభవమని నా అభిప్రాయం. నగరాల్లో మంచు కురుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి వియన్నాలో ఒక రోజు సెమ్మెరింగ్ కొండలకు వెళ్లి రండి. 1854లో మొదలైన ఆ కొండ రైలుమార్గం యునెస్కో వారసత్వ సంపద. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. జనవరిలో పగలు 9 గంటలే ఉంటుందని గుర్తుంచుకొని పొద్దున్నే బయలుదేరండి.

యూరోను 105 రూపాయలుగా తీసుకొని ఇద్దరికీ నేను వేసిన అంచనా ఇది. విమాన టికెట్లకు 1,20,000. ఈ మూడు దేశాలకూ కలిపి చెల్లే షెంగెన్ వీసా రుసుము పెద్దవారికి ఒక్కొక్కరికి 90 యూరోలు, దరఖాస్తు కేంద్రం సేవా రుసుముతో కలిపి 23,000 అనుకుందాం. కనీసం 30,000 యూరోల వైద్య రక్షణ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి, దానికి 4,000. రాత్రికి 65 యూరోల చొప్పున ఎనిమిది రాత్రులకు 54,600. తిండికీ నగరంలో తిరగడానికీ రోజుకు 70 యూరోల చొప్పున తొమ్మిది రోజులకు 66,150. ఊరి నుంచి ఊరికి రైళ్లకు 12,600, ప్రవేశ టికెట్లకూ సెమ్మెరింగ్‌కూ 15,750, చలి బట్టలకు 15,000, అనుకోని ఖర్చులకు 25,000. మొత్తం 3,36,100.

ఈ డబ్బు మీ దగ్గరే ఉంది. 3,10,000 పొదుపులో 2 లక్షలను ముట్టుకోకండి, ఎందుకంటే ఉద్యోగాల్లో ఏదైనా తేడా వస్తే మీకు రెండు నెలలు గడవడానికి ఆ మాత్రం కావాలి. మిగిలిన 1,10,000, చదివింపుల లక్ష, సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా నాలుగు జీతాల నుంచి నెలకు 30,000 చొప్పున దాచే 1,20,000 కలిపితే 3,30,000 అవుతుంది. తక్కువపడిన 6,000ను చలి బట్టల దగ్గర పూడ్చుకోవచ్చు. అమెరికా నుంచి తిరిగి వచ్చిన చుట్టమో స్నేహితుడో లేని ఇల్లు హైదరాబాద్‌లో అరుదు, వారి అటకల మీద మంచి జాకెట్లు ఊరికే పడి ఉంటాయి. మొహమాటపడకుండా అడగండి. బూట్లు మాత్రం సొంతంగా కొనుక్కోండి.

మీరు అన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది వీసా దగ్గర. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు. నిర్ణయానికి సాధారణంగా 15 రోజులు, కొన్ని సందర్భాల్లో 45 రోజుల దాకా పడుతుంది. అందుకని అక్టోబరులోనే ఇవ్వండి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటే ఆ దేశానికే దరఖాస్తు చేయాలి కాబట్టి మీది హంగేరీకి వెళుతుంది. అప్పటికి మీ పొదుపూ చదివింపుల డబ్బూ ఖాతాలోనే కనిపిస్తాయి, నెలనెలా జీతం పడుతున్న ఖాతాకు ఉండే విలువ వేరు. లోన్ డబ్బో చిట్టీ డబ్బో దరఖాస్తుకు వారం ముందు ఒక్కసారిగా వచ్చి పడితే, అది ఎక్కడిదన్న అనుమానం అధికారులకు సహజంగానే కలుగుతుంది. చదివింపుల లక్షకు వివరణగా పెళ్లి ధ్రువపత్రం జత చేయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకునే పని ఇప్పుడు పెట్టుకోవద్దు, పాత పేరుతోనే వెళ్లవచ్చు. గదులను రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి, డబ్బు తిరిగిరాని విమాన టికెట్‌ను వీసా చేతికి వచ్చేదాకా కొనవద్దు.

అక్కడ ఖర్చు పెట్టేటప్పుడు జాగ్రత్త ఒకటి ఉంది. చాలా క్రెడిట్ కార్డులు విదేశీ చెల్లింపుపై 3.5 శాతం, దానిమీద జీఎస్టీ వసూలు చేస్తాయి. లక్షన్నర ఖర్చు పెడితే అదే 6,000 దాటుతుంది. ఆ రుసుము లేని కార్డు గాని, ముందే విదేశీ కరెన్సీ నింపుకునే ఫారెక్స్ కార్డు గాని తీసుకోండి. చెక్ దేశంలో కొరునా, హంగేరీలో ఫోరింట్ చెల్లుతాయి. మెషిన్ మీద రూపాయలలో చెల్లిస్తారా అని అడిగితే కాదని, స్థానిక కరెన్సీనే ఎంచుకోండి. ప్రాగ్, బుడాపెస్ట్‌లలో పని దినాల్లో మధ్యాహ్నం పూట చవకగా ఇచ్చే రోజువారీ భోజనం తిని, రాత్రికి గదిలో ఏదైనా చేసుకుంటే రోజుకు 70 యూరోలు సరిపోతాయి. కందిపొడి, పులిహోర పేస్టు తీసుకెళ్లండి. నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి మాత్రం వద్దు, మాంసం, పాల పదార్థాలను బయటి దేశాల నుంచి తేవడాన్ని యూరోపియన్ యూనియన్ అనుమతించదు.

ఏజెంటు ప్యాకేజీ తీసుకుంటే దాని మీద టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది రిటర్నులో సర్దుబాటు అవుతుంది గాని, అప్పటిదాకా మీ డబ్బు ఇరుక్కుపోతుంది. టికెట్లు, గదులు విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఒకవేళ వీసా నిరాకరిస్తే, రుసుము తిరిగి రాదు. మీరు నష్టపోయేది ఆ 23,000, మహా అయితే బీమా సొమ్ము. మిగిలిన 3 లక్షలు ఖాతాలోనే ఉంటాయి, తీర్చవలసిన కొత్త ఈఎంఐ ఉండదు. అప్పుడు ఫిబ్రవరిలో గుల్మార్గ్‌కు టికెట్లు తీసుకోండి, అక్కడ మంచు నిండుగా ఉంటుంది.