ఎర్రర్ 26: పాస్‌వర్డ్ కాదు, దారి చూడండి
మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ సర్వర్ సిస్టమ్‌లో బాగానే నడుస్తోంది, కౌంటర్ సిస్టమ్‌లో మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్ (బిల్లుల డేటా దాచే డేటాబేస్) దొరకలేదని చెప్పే ఎర్రర్ 26 వస్తోంది అన్నారు కదండీ. పాస్‌వర్డ్ జోలికి వెళ్లకండి, అది తప్పైతే లాగిన్ కుదరలేదని చెప్పే ఎర్రర్ 18456 వచ్చేది. అసలు మీ ప్రోగ్రామ్ సర్వర్ దాకా వెళ్లడమే లేదు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎడిషన్ అయిన ఎక్స్‌ప్రెస్‌లో టీసీపీ/ఐపీ (వేరే సిస్టమ్ నుంచి నెట్‌వర్క్ మీద కనెక్ట్ అయ్యే దారి) మామూలుగా ఆపేసే ఉంటుంది. సర్వర్ సిస్టమ్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ కాన్ఫిగరేషన్ మేనేజర్ తెరిచి దాన్ని ఎనేబుల్ చేయండి. దాని ఐపీ అడ్రసెస్ ట్యాబ్‌లో అట్టడుగున ఐపీ ఆల్ ఉంటుంది (చాలామంది పైనున్న ఐపీ1 మార్చి ఊరుకుంటారు). అక్కడ డైనమిక్ పోర్ట్స్ గడిలో సున్నా కూడా ఉంచకుండా చెరిపేసి, టీసీపీ పోర్ట్‌లో 1433 కొట్టి ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీస్ రీస్టార్ట్ చేయండి. ఫైర్‌వాల్‌లోనూ 1433 తెరవండి.

మీ బిల్లింగ్ ప్రోగ్రామ్ కనెక్షన్ స్ట్రింగ్‌లో (ఏ సర్వర్‌కి కనెక్ట్ కావాలో చెప్పే లైన్) ఇన్‌స్టన్స్ పేరు (సర్వర్ పేరు తర్వాత బ్యాక్‌స్లాష్ పెట్టి రాసేది) తీసేసి సర్వర్ ఐపీ, కామా, 1433 రాయండి. కోలన్ పెడితే కుదరదు. రూటర్‌లో మాత్రం ఆ పోర్ట్ బయటికి తెరవొద్దు. ఇంటి నుంచి చూసుకోవాలంటే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా షాపు నెట్‌వర్క్‌లోకి వచ్చే సురక్షితమైన దారి) పెట్టుకోండి.