తాబేళ్ళ పాఠం ఎలా చెప్పాలంటే

చిరంజీవి తల్లికి, పెద్దమ్మ ఆశీస్సులు.

ఒడిశాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర బడికి వేశారని, ఎనిమిదో తరగతి ఇంగ్లీషు నీకే అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. పిల్లలు గడగడా చదివేస్తారు, అర్థమేమిటంటే నేల చూపులు చూస్తారు, డిబేట్ పెడితే ఆ ఇద్దరే మాట్లాడతారు అని నువ్వు రాశావు. దానికే ఈ జవాబు.

జంతువుల పాఠం అనగానే సింహాన్నో పెంగ్విన్‌నో పట్టుకొస్తాం. వాటి గురించి మన పిల్లలకి చెప్పడానికి ఏముంటుంది? గజపతి జిల్లా కొండల కింద బడి అయితే ఎలుగుబంటిని తీసుకోమనేదాన్ని. నీ క్లాసులో సగం మంది వాడబలిజల, జాలారుల పిల్లలు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, ఆ తరవాత ఇంగ్లీషు. వాళ్ళకి తాబేలునివ్వు. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆ ఇసుక మీదికే వేలకి వేలు ఒక్కసారిగా ఎక్కి గుడ్లు పెడతాయి. కొన్నేళ్ళు అలా గుంపుగా రావు కూడా. వాటి కోసమే ఏటా నవంబర్ 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేటకి వెళ్ళకూడదని ఒడిశా ప్రభుత్వం ఆంక్ష పెడుతుంది. ఆ ఏడు నెలలూ ఇంట్లో ఏం మాట్లాడుకుంటారో ఆ పిల్లలకి బాగా తెలుసు. నోరు విప్పడానికి అంతకంటే ఏం కావాలి?

ముందు చదవడం సంగతి. చదివించే ముక్క నువ్వే రాయి. పదీ పన్నెండు వాక్యాలు చాలు, ఒక్కోదానికి నంబరు వెయ్యి. అసలు సంగతి ఒకటి కావాలనే రాయకుండా వదిలెయ్యి. ఇదిగో, ఇలా మొదలుపెట్టు: ఒకటి, "ది టర్టిల్ లివ్స్ ఇన్ ది సీ." రెండు, "ఇట్ బ్రీత్స్ ఎయిర్ లైక్ అజ్." మూడు, "సో ఇట్ మస్ట్ కమ్ అప్ ఎగైన్ అండ్ ఎగైన్." నాలుగు, "ఎ ట్రాలర్ పుల్స్ ఇట్స్ నెట్ అండర్ ద వాటర్ ఫర్ అవర్స్." అక్కడ ఆపి, వలలో చిక్కిన తాబేలు ఎందుకు చచ్చిపోతుందో అడుగు. వల గీరుకుపోయి అంటాడొకడు, ఆకలికి అంటుంది ఇంకో పిల్ల. "ఏ నంబర్లో ఉంది?" అని అడుగు, అంతే. రెండు, మూడు, నాలుగు కలిపి చదివితే గాని జవాబు దొరకదు. నీళ్ళలో బతికేది నీళ్ళలోనే ఊపిరాడక చస్తుందని ఎవడో ఒకడు తెలుగులో అరుస్తాడు. అరవనీ. వాడు చదివాడనడానికి అదే సాక్ష్యం. ఇంగ్లీషులో చెప్పించడం ఆ తరవాత పని.

గుడ్లున్న ఇసుక వేడి ఎక్కువైతే ఆడ తాబేళ్ళు, తక్కువైతే మగ తాబేళ్ళు పుడతాయన్న సంగతి కూడా రాయి. డిబేట్‌కి అంతగా పనికిరాదు గానీ క్లాసు మొత్తం నిద్ర లేస్తుంది.

డిబేట్‌కి "నిషేధం మంచిదా చెడ్డదా" అని పెట్టకు. అలా పెడితే కేకలే మిగులుతాయి. "ఏడు నెలలు ఉంచాలా, తగ్గించాలా" అని పెట్టు. ఎవరు ఏ పక్షమో చీటీలు వేసి తేల్చు, ఇష్టానికి వదలకు. కేసులూ జరిమానాలూ పడిన ఇళ్ళు ఆ ఊళ్ళల్లో ఉంటాయి. వాళ్ళ పిల్లాడు నలుగురిలో నిలబడి నాన్న తరఫున వాదించాల్సిన అవస్థ రాకూడదు. చీటీలో వచ్చింది కాబట్టి మాట్లాడుతున్నాడంటే ఎవరికీ టెన్షన్ ఉండదు. మరుసటి వారం పక్షాలు మార్చెయ్యి.

నియమాలు రెండే పెట్టు. అవతలివాళ్ళకి జవాబు చెప్పే ముందు "యూ సెడ్ దట్" అని మొదలుపెట్టి వాళ్ళ మాట వాళ్ళకి తిరిగి చెప్పాలి. వాళ్ళు ఔనని తలూపాకే తన మాట. రెండోది, ఏ మాటకైనా వాక్యం నంబరు చూపించాలి. ఎలా నడుస్తుందో చెప్తాను. ఒక పిల్ల లేచి "ది గవర్నమెంట్ క్లోజ్డ్ ద హోల్ సీ" అంటుంది. అవతలివాడు "యూ సెడ్ దట్ ద హోల్ సీ ఈజ్ క్లోజ్డ్. బట్ సెంటెన్స్ సెవెన్ సేస్ ట్వంటీ కిలోమీటర్స్" అంటాడు. అందరూ చప్పట్లు కొడతారు. నువ్వు కొట్టకు, ఆగు. ఆ పిల్ల మళ్ళీ లేచి "అవర్ బోట్ ఈజ్ స్మాల్. ఇట్ కెనాట్ గో బియాండ్ ట్వంటీ" అంటే అదీ వాదన. దానికి జవాబు నీ పన్నెండు వాక్యాల్లో ఎక్కడా ఉండదు, వాళ్ళే వెతుక్కోవాలి. కొంచెం చురుకైనవాళ్ళకి ట్రాలర్ వలకి బిగించే చట్రం గురించి ఇంకో పేరా ఇవ్వు. దాంట్లోంచి తాబేలు బయటికి పోతుంది, కొన్ని చేపలూ పోతాయని బోటువాళ్ళ గోల. రెండు పక్షాలకీ పనికొస్తుంది.

మాట్లాడనివాళ్ళని మొదటి రోజే నిలబెట్టి హడలగొట్టకు. జట్టుకొకరిని నంబర్లు వెతికిపెట్టే పనికి పెట్టు. తన వాక్యం ఎవరో తప్పు చదివితే ఆ పిల్లే ఊరుకోలేక లేస్తుంది. మాట్లాడుతుండగా గ్రామర్ దిద్దకు. కాగితం మీద రాసుకుని, చివర్లో రెండు తప్పులు చెప్తే చాలు, అవీ ఎవరివో చెప్పకుండా. జట్టులో గుసగుసలు తెలుగైనా ఒడియా అయినా ఫరవాలేదు. ఇంగ్లీషే మాట్లాడాలని మొదటి నిమిషం నుంచీ కూర్చుంటే మళ్ళీ ఆ ఇద్దరే మిగులుతారు.

గెలుపోటములు చెప్పకు. నంబరు సరిగ్గా చూపిన ప్రతిసారీ ఒక మార్కు, అవతలివాళ్ళ మాట సరిగ్గా తిరిగి చెప్పినందుకు రెండు. హెడ్మాస్టరు ఎవరు గెలిచారని అడుగుతారు, మార్కుల కాగితం చేతిలో పెట్టు.

వేట నిషేధం నోటీసు ఒడియాలో ఊళ్ళో ఎక్కడైనా అంటించి ఉంటుంది. ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. తేదీలు, దూరాలు చూసుకుని పిల్లలకి తగ్గ ఇంగ్లీషులో ఆదివారంలోగా రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ
బరంపురం