బైక్ డిస్క్ బ్రేక్ కాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ను నొక్కిపట్టే భాగం) దగ్గర బ్రేక్ ఆయిల్ కారుతుంటే కాలిపర్ మొత్తం మార్చాలా?

అక్కర్లేదు, చాలాసార్లు ప్యాడ్లను నెట్టే పిస్టన్ రబ్బరు సీల్సో, హోస్ (ఆయిల్ వచ్చే గొట్టం) బోల్టు దగ్గరి రాగి వాషర్లో మారిస్తే చాలు. బ్రేక్ ఫ్లూయిడ్ (బ్రేక్ ఆయిల్) తేమను పీల్చుకుంటుంది. ఏళ్ల తరబడి మార్చకపోతే పిస్టన్ తుప్పుపట్టి సీల్ పాడవుతుంది. మైపాడు, కొత్తపట్నం లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

ఎక్కడ కారుతోందో తెలియాలంటే, కాలిపర్ శుభ్రంగా తుడిచి బ్రేక్ లివర్ గట్టిగా నొక్కిపట్టండి. చెమ్మ బోల్టు దగ్గర కనిపిస్తే వాషర్లు, ప్యాడ్ల వెనక నుంచి వస్తే సీల్స్. పిస్టన్ మీద గుంటలుంటే కొత్త సీల్ వేసినా దండగే, పిస్టన్ కూడా మార్చాలి. తర్వాత బ్రేక్‌లో గాలి తీయించాలి.

ఫ్లూయిడ్ తడిసిన ప్యాడ్లను పెట్రోల్‌తో కడిగితే సరిపోతుందనుకుంటారు. పోదు, అవి మార్చాల్సిందే. పెట్రోల్ తగిలితే సీల్స్ ఉబ్బుతాయి కూడా. బాగయ్యేదాకా బండి తీయకండి.